కరాటే శిక్షణ, మనస్తత్వ శాస్త్రం: రెండూ కలిసి నడవగలవా?

"మావాడికి కోపం ఎక్కువండీ. కరాటేలో చేర్పిస్తే తగ్గుతుందా, ఇంకా ముదురుతుందా?" పిల్లల్ని వెంటబెట్టుకుని కౌన్సిలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య చదువుకునే యువతీ యువకులు ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. "నాకు బ్లాక్ బెల్టు ఉంది. సైకాలజీ చదవాలని ఉంది. ఈ రెండూ కలిపి జీవనోపాధి చేసుకోవచ్చా?"

రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. కరాటే, జూడో, టైక్వాండో, కర్రసాము వంటి యుద్ధవిద్యలు మనసును బాగుచేయగలవు, పాడు కూడా చేయగలవు. ఏది జరుగుతుందో నేర్పే మనిషిని బట్టి, నేర్పే పద్ధతిని బట్టి ఉంటుంది. అందువల్ల మనస్తత్వ శాస్త్రం తెలిసినవారు ఈ విద్య నేర్పడం మంచిదే. అయితే ఒకే మనిషి ఒకే పిల్లవాడికి ఇటు మాస్టారుగా, అటు చికిత్స చేసే సైకాలజిస్టుగా ఉండకూడదు. ఎందుకో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఈ చుట్టరికం పాతదే

జూడోను ప్రారంభించిన జిగోరో కానో (1860–1938) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన చిన్నతనంలో బక్కపలచగా ఉండేవారు. బడిలో బలమైన పిల్లలు ఏడిపించడంతో జుజుత్సు అనే పాత కుస్తీ విద్య నేర్చుకున్నారు. 1882లో టోక్యో నగరంలో ఒక బౌద్ధాలయంలో కొద్దిమంది శిష్యులతో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని ప్రారంభించారు. తరువాతి కాలంలో ఉపాధ్యాయులను తయారుచేసే ఒక పెద్ద కళాశాలకు చాలా ఏళ్ళు ప్రధానాధికారిగా పనిచేశారు.

కానో శిష్యులకు చెప్పిన సూత్రాలు రెండు. ఉన్న శక్తిని వృథా చేయకుండా తగినచోట తగినంత వాడటం మొదటిది. నువ్వూ నేనూ కలిసి బాగుపడటం రెండవది. జూడో ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. పడేయడం నేర్చుకునేందుకు ఇంకొకరు తమ శరీరాన్ని మనకు అప్పగించాలి, మనం కూడా అప్పగించాలి. ఎదుటివాడి ఎముక విరగకుండా చూసుకునే బాధ్యత పట్టు పట్టినవాడిదే. దెబ్బ తగలకుండా కింద పడటం మొదటి రోజుల్లోనే నేర్పుతారు. పడటం అవమానం కాదని, పడి లేవవచ్చని పిల్లవాడి శరీరానికి అప్పుడే తెలుస్తుంది.

మన ఊళ్ళలో కర్రసాము, కుస్తీ నేర్పిన తాలింఖానాల్లోనూ గురువుకు నమస్కరించాకే కర్ర పట్టుకునేవారు. బలం ఉన్నవాడికి అదుపు ముఖ్యమని మన పెద్దలకూ తెలుసు.

కోపం వచ్చినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది?

ఎవరైనా మనల్ని తోసినా, తిట్టినా, మెదడులోని ప్రమాద హెచ్చరిక భాగం వెంటనే మేలుకుంటుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, పిడికిలి బిగుసుకుంటుంది. ఆలోచించి నిర్ణయం తీసుకునే ముందు మెదడు ఆ క్షణంలో వెనుకబడిపోతుంది. పిల్లల్లో, కౌమార దశలో ఉన్నవారిలో ఈ ముందు మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. "కోపం తెచ్చుకోకు" అని వందసార్లు చెప్పినా ఫలితం కనబడకపోవడానికి ఇది ఒక కారణం. వాడికి మాట తెలుసు. ఆ క్షణంలో ఆ మాట అందుబాటులో ఉండదు.

మంచి శిక్షణలో ఇదే సంగతిని శరీరంతో అభ్యాసం చేయిస్తారు. ఎదుటివాడు మీదికి వస్తాడు, గుండె దడదడలాడుతుంది, అయినా మాస్టారు "ఆగు" అనగానే చేయి గాలిలో ఆగిపోవాలి. ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదలాలి. అలా వదిలినప్పుడు గుండె వేగం తగ్గించే నరాలు పనిచేస్తాయి. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి ఇదే చేస్తే, రెచ్చిపోవడానికీ చేయి ఎత్తడానికీ మధ్య కొంచెం ఖాళీ దొరుకుతుంది. కౌన్సిలింగ్ గదిలో సైకాలజిస్టు మాటలతో సంపాదించి పెట్టాలనుకునే ఖాళీ కూడా అదే.

పరిశోధనలు చెప్పేదేమిటి?

1986లో అమెరికాలో మైకేల్ ట్రల్సన్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం ప్రచురించారు. తప్పుదారి పట్టిన 34 మంది కౌమార బాలురను మూడు గుంపులుగా చేశారు. మొదటి గుంపుకు టైక్వాండోను సంప్రదాయ పద్ధతిలో, అంటే ధ్యానం, మర్యాద, ఆ విద్య వెనుక ఉన్న నీతితో కలిపి నేర్పారు. రెండవ గుంపుకు అవేమీ లేకుండా కొట్టుకునే మెళకువలు మాత్రమే నేర్పారు. మూడవ గుంపు చేత పరుగు, బాస్కెట్‌బాల్ వంటి ఆటలు ఆడించారు. ఆరు నెలల తరువాత చూస్తే మొదటి గుంపులో దూకుడు, ఆందోళన తగ్గాయి, తమ మీద తమకు గౌరవం పెరిగింది. రెండవ గుంపులో దూకుడు ముందుకంటే పెరిగింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ అధ్యయనం చిన్నది. కానీ తరువాత వచ్చినవి కూడా అదే వైపు చూపుతున్నాయి. 2004లో లేక్స్, హోయ్ట్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక పాఠశాలలో 207 మంది చిన్నపిల్లలతో మూడు నెలలు పరిశీలన చేశారు. కొందరు మామూలు వ్యాయామ తరగతికి, మిగిలినవారు టైక్వాండో తరగతికి వెళ్ళారు. టైక్వాండో పిల్లలకు ప్రతి తరగతిలో తమను తాము మూడు సంగతులు అడుగుకోవడం నేర్పారు: ఇప్పుడు నేనెక్కడ ఉన్నాను, ఏమి చేస్తున్నాను, ఏమి చేయవలసి ఉంది? ఈ పిల్లల్లో మనసును అదుపులో పెట్టుకోవడం, తోటివారితో మెలగడం, తరగతి గదిలో ప్రవర్తన మామూలు వ్యాయామం చేసినవారికంటే మెరుగయ్యాయి. నోటిలెక్కల పరీక్షలో కూడా వీరే ముందున్నారు.

రెండవ వైపు కూడా చూడాలి. 2005లో నార్వేలో ఎండ్రెసెన్, ఓల్వియస్ అనే పరిశోధకులు 11 నుంచి 13 ఏళ్ళ బాలురను పరిశీలించారు. బాక్సింగ్, కుస్తీ, బరువులెత్తడం, తూర్పు దేశాల యుద్ధవిద్యలలో చేరిన పిల్లల్లో బయట కొట్లాటలు, చెడు ప్రవర్తన పెరిగినట్టు వారికి కనబడింది. మగతనం అంటే కండబలమేనన్న ఆలోచన, అలాంటి స్నేహాలు దీనికి కారణాలు కావచ్చునని వారు భావించారు.

కాబట్టి "కరాటే కోపాన్ని తగ్గిస్తుందా?" అన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు ఇది: ఏ మాస్టారు, ఏ పద్ధతి అని ముందు అడగండి.

ఆసుపత్రిలో కరాటే

యుద్ధవిద్య కాన్సర్ వార్డులోకి కూడా వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎలిమెలెక్ గోల్డ్‌బర్గ్ అనే యూదు మతబోధకుడు ఉన్నారు. ఆయనకు యుద్ధవిద్యలో బ్లాక్ బెల్టు ఉంది. ఆయన కుమార్తె రెండేళ్ళ వయసులో రక్త కాన్సర్‌తో మరణించింది. తరువాత కాన్సర్ పిల్లల కోసం నడిచే వేసవి శిబిరంలో పనిచేస్తున్నప్పుడు, సూదికి భయపడి కేకలు పెడుతున్న ఐదేళ్ళ బాబును చూశారు. "నీకు కరాటే నేర్పనా?" అని అడిగి, ఊపిరితో నొప్పిని ఎదుర్కోవడం నేర్పారు. 1999లో ఆయన కిడ్స్ కికింగ్ కాన్సర్ అనే సంస్థను ప్రారంభించారు. అక్కడి మాస్టార్లు ఆసుపత్రులకు వెళ్ళి పిల్లలకు ఊపిరి, ఏకాగ్రత, మెల్లని కదలికలు నేర్పుతారు. మంచం దిగలేని బిడ్డ కూడా ఇవి చేయగలడు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ పిల్లలను కేవలం రోగులుగా చూడరు. నేర్చుకున్న ఊపిరి పద్ధతిని పెద్దవారికి తిరిగి నేర్పమంటారు. వారానికి నాలుగుసార్లు సూది పొడిపించుకునే బిడ్డ, తానూ ఒకరికి సాయం చేయగలనని తెలుసుకోవడం చాలా పెద్ద బలం. నొప్పి మందులు మానిపించడం వీరి పని కాదు. డాక్టర్లతో, నర్సులతో కలిసి పనిచేస్తారు.

ఆటిజం ఉన్న పిల్లల విషయంలోనూ కొంత ఆశ కనబడుతోంది. 2012లో ఇరాన్ పరిశోధకులు ఆటిజం ఉన్న 30 మంది పిల్లల్లో కొందరికి 14 వారాలు కరాటేలోని కటా అభ్యాసం చేయించారు. కటా అంటే ఒక వరుసలో కదలికలు గుర్తుపెట్టుకుని చేయడం. చేతులు ఆడించడం వంటి పదేపదే చేసే అలవాట్లు ఆ పిల్లల్లో తగ్గాయి. ఇది ఆటిజానికి చికిత్స అని ఎవరైనా ప్రకటన చేస్తే నమ్మవద్దు. స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్యతోపాటు జత చేసుకోదగిన సాయమని మాత్రమే అనుకోండి.

ఆడపిల్లల ఆత్మరక్షణ: ఇక్కడ సైకాలజీ ఎందుకు కావాలి?

సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి చదివే ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఏర్పాటు ఉంది. ఇది మంచి పని. కానీ చాలాచోట్ల చీకటిలో మీదపడే అపరిచితుడిని ఎలా తన్నాలో మాత్రమే నేర్పుతారు. హాని చేసేవారిలో ఎక్కువమంది ఆ పిల్లకు తెలిసినవారే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు. వాడిని తన్నడం కంటే ముందు "ఇది తప్పు" అని గుర్తించడం, మొహమాటం లేకుండా "వద్దు" అనడం, ఇంట్లో చెప్పగలగడం కష్టం.

కెనడాలో షార్లిన్ సెన్ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యురాలు ఈ సంగతినే ఆధారం చేసుకుని ఒక శిక్షణ తయారుచేశారు. మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు. ప్రమాదాన్ని పసిగట్టడం, తెలిసినవాడిని ఎదిరించడానికి అడ్డుపడే మొహమాటాన్ని దాటడం, మాటతోనూ చేతితోనూ ఎదుర్కోవడం అందులో ఉన్నాయి. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది చదివే 893 మంది యువతులను పరిశీలిస్తే, ఏడాది లోపల అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందిన గుంపులో 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్న గుంపులో 9.8 శాతం. యుద్ధవిద్యా, మనస్తత్వ శాస్త్రమూ చేయి కలిపితే ఎంత మేలు జరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇంకొక మాట. తరగతిలో ఉన్న ఆడపిల్లల్లో ఇంతకుముందే బాధ అనుభవించినవారు ఉండవచ్చు. వెనుకనుంచి మెడ పట్టుకునే అభ్యాసంలో ఆ పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు, ఏడవవచ్చు, ఊపిరాడనట్టు అవ్వవచ్చు. తెలియని మాస్టారు "పిరికిదానా" అని గద్దిస్తాడు. తెలిసినవారు అభ్యాసం ఆపి, కూర్చోబెట్టి, అందరి ముందూ ఏమీ అడగకుండా, తరువాత సాయం అందేలా చూస్తారు. ప్రమాదంలో శరీరం కొయ్యబారిపోవడం కూడా సహజమైన ప్రతిచర్యే. ఎదిరించలేకపోయిన అమ్మాయిది తప్పు కాదు. ఈ మాట ప్రతి ఆత్మరక్షణ తరగతిలోనూ మొదటిరోజే చెప్పాలి.

రెండు పడవల మీద కాళ్ళు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒకే మనిషి ఉదయం క్లినిక్‌లో సైకాలజిస్టుగా, సాయంత్రం మైదానంలో మాస్టారుగా పనిచేయవచ్చా? చేయవచ్చు. అలా చేస్తున్నవారు ఉన్నారు. క్లినిక్ పని పగటిపూట, శిక్షణ తెల్లవారుజామున, సాయంత్రం ఉంటాయి గనుక వేళలు కూడా కలిసివస్తాయి. రోజంతా ఇతరుల బాధలు వినేవారికి సాయంత్రం ఒళ్ళు అలిసేలా చేసే అభ్యాసం మంచి విశ్రాంతి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, రెండుచోట్లా ఒకే మనిషి ఎదురైనప్పుడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళి, చికిత్స చేసేవారు అదే వ్యక్తితో ఇంకొక సంబంధం పెట్టుకోవడం గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. నిష్పాక్షికత దెబ్బతినే అవకాశం, ఆ వ్యక్తికి హాని కలిగే అవకాశం ఉంటే అలాంటి సంబంధంలోకి దిగకూడదు. ఎందుకో ఈ ఉదాహరణలు చూడండి.

• క్లినిక్‌లో పిల్లవాడు చెప్పినది రహస్యంగా ఉండాలి. మైదానంలో వాడి తప్పును మాస్టారు అందరి ముందూ సరిదిద్దుతారు. రాత్రి పక్క తడుపుతున్నానని సిగ్గుపడుతూ చెప్పిన బిడ్డ, మర్నాడు అదే మనిషి ముందు ఇరవైమంది మధ్య ధైర్యంగా నిలబడగలడా?

• మాస్టారు పరీక్ష పెట్టి బెల్టు ఇస్తారు, లేదా నిరాకరిస్తారు. తీర్పు చెప్పే మనిషి ముందు ఎవరూ మనసు పూర్తిగా విప్పలేరు.

• శిక్షణలో తాకడం తప్పదు. చికిత్సలో తాకడానికి హద్దులు ఉన్నాయి. ఈ రెండూ కలిసిపోతే పిల్లలు అయోమయంలో పడతారు. చెడ్డవారికి అది అవకాశం అవుతుంది.

• క్లినిక్‌కు వచ్చినవారిని "మా అకాడమీలో చేరండి" అని పంపి ఫీజు తీసుకుంటే, ఆ సలహా ఎవరి మేలు కోసమో తేల్చి చెప్పడం కష్టం.

కాబట్టి నియమం తేలికైనదే. శిష్యుడికి చికిత్స అవసరమైతే ఇంకొక నిపుణుడి దగ్గరికి పంపండి. చికిత్సకు వచ్చినవాడికి కరాటే మేలు చేస్తుందనిపిస్తే ఇంకొక మాస్టారి దగ్గరికి పంపండి. చిన్న ఊళ్ళో ఇంకొకరు లేకపోతే, తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకుని, ఏ వేళ ఏ పనిలో ఉన్నారో స్పష్టంగా చెప్పి, పై నిపుణుల సలహా తీసుకుంటూ జాగ్రత్తగా నడవాలి.

సైకాలజీ తెలిసిన మాస్టారు చికిత్స చేయకుండానే చేయగలిగిన మేలు ఎంతో ఉంది. పిల్లవాడి ముఖంలో మార్పు అందరికంటే ముందు గమనించగలరు. ఓడినవాడితో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. ఒంటిమీద వాతలు కనబడితే ఊరుకోకూడదని తెలుస్తుంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం ఎవరికైనా తప్పనిసరి. "మాస్టారికి చెప్పాను, ఆయన ఎవరికీ చెప్పనన్నారు" అన్న మాట అక్కడ చెల్లదు.

ఈ దారిలో వెళ్ళాలనుకునే యువతకు

• బ్లాక్ బెల్టు చికిత్స చేయడానికి లైసెన్సు కాదు. సైకాలజీ డిగ్రీ కరాటే నేర్పడానికి అర్హత కాదు. రెండింటికీ వేర్వేరుగా కష్టపడాలి.

• క్లినికల్ సైకాలజిస్టు అని పేరు పెట్టుకోవాలంటే పి.జి. చదువు ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన, ఆసుపత్రి శిక్షణతో కూడిన కోర్సు పూర్తిచేసి, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చేరే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో చూసుకోండి.

• సైకాలజిస్టు మందులు రాయరు. మందులు రాసేది వైద్యవిద్య చదివిన సైకియాట్రిస్టు. తమ పరిధి ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

• పని దొరికే చోట్లు: పాఠశాల కౌన్సిలర్లు, ప్రత్యేక అవసరాల పిల్లల పాఠశాలలు, మద్యం మాన్పించే కేంద్రాలు, క్రీడా శిక్షణ సంస్థలు, మహిళల ఆత్మరక్షణ కార్యక్రమాలు. మొదటి ఏళ్ళలో ఒక వృత్తి అన్నం పెడుతుంటే ఇంకొకటి నెమ్మదిగా నిలదొక్కుకుంటుందని అనుకుని బయలుదేరండి.

తల్లిదండ్రులు చూడవలసినవి

చేర్పించే ముందు ఒకరోజు తరగతి మొత్తం కూర్చుని చూడండి. చూడనివ్వని చోట చేర్పించకండి.

• ఓడిన పిల్లవాడితో మాస్టారు ఎలా ప్రవర్తిస్తున్నారు? పిల్లలను కొట్టడం, వెక్కిరించడం ఉందా?

• "ఆగు" అన్నప్పుడు పెద్ద పిల్లలు నిజంగా ఆగుతున్నారా?

• బయట కొట్లాడిన శిష్యుడిని మెచ్చుకుంటారా, మందలిస్తారా?

• ఆడపిల్లల తరగతిలో మహిళా శిక్షకులు ఉన్నారా? ఎవరినైనా ఒంటరిగా ఉండమంటున్నారా?

• తలకు దెబ్బలు తగిలే పోటీలు చిన్నపిల్లలకు వద్దు. తలకు పెట్టుకునే రక్షణ తొడుగు మెదడు అదురును ఆపుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

• మూర్ఛ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పిల్లలను చేర్పించే ముందు డాక్టరును అడగండి.

కరాటే చాలని సందర్భాలు

పిల్లవాడు జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం, తనను తాను గాయపరచుకోవడం, చచ్చిపోతానని అనడం, వారాల తరబడి నిద్ర, తిండి మానడం, చదువు ఒక్కసారిగా పడిపోవడం గమనిస్తే ఏ మాస్టారి దగ్గరికీ ముందు వెళ్ళకండి. సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు ఆపద ఉంటే 1098కి ఫోన్ చేయండి.

ఇంట్లో తండ్రి తల్లిని కొడుతుంటే, వారానికి మూడు గంటల కరాటే తరగతి ఆ బిడ్డ కోపాన్ని తగ్గించలేదు. వాడు చేయి ఎత్తడం ఎక్కడ నేర్చుకున్నాడో కూడా చూడాలి. ఒక్కోసారి కౌన్సిలింగ్‌కు రావలసింది పిల్లవాడు కాదు, తీసుకొచ్చిన పెద్దవారు. అలా రావడానికి సిగ్గుపడనక్కరలేదు. పడి లేవడం నేర్చుకోవడానికి వయసుతో పనిలేదు.